మూడేళ్ళా, అయిదేళ్ళా? కారు బ్యాటరీ కథ

ఈ వారం చెప్పబోయే చరిత్రలో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. మీ కారు హుడ్డు ఎత్తితే ఒక మూల కనిపించే నల్లటి పెట్టె కథ ఇది. నేను వృత్తిరీత్యా కన్సల్టెంటుని. సోమవారం పొద్దున విమానం ఎక్కి, గురువారం రాత్రి డాలస్‌లో దిగే బతుకు. నాలుగు రోజులు ఎయిర్‌పోర్టు పార్కింగులో ఎండకి మాడిన కారు, అర్ధరాత్రి తాళం తిప్పగానే కదలాలి. ఈ పెట్టె గురించి నేను చదవడం మొదలుపెట్టింది అందుకే.

1800లో ఇటలీలో వోల్టా మొదటి బ్యాటరీ చేశాడు. అయితే అందులో సరుకు అయిపోతే అంతే సంగతులు. ఖాళీ అయినదాన్ని మళ్ళీ నింపుకోగల బ్యాటరీ 1859లో వచ్చింది. ఫ్రాన్సుకి చెందిన గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులు తీసుకుని, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అడ్డు పెట్టి, చాపలా చుట్టి, గంధకామ్లం కలిపిన నీళ్ళలో ముంచాడు. 1881లో అదే దేశానికి చెందిన కామిల్ ఫోర్, రేకుల మీద సీసపు ముద్ద పూస్తే ఎక్కువ కరెంటు నిలవ ఉంటుందని చూపించాడు. సీసం, యాసిడ్, నీళ్ళు. నూట అరవై ఏళ్ళు దాటినా ఎక్కువ కార్లలో మూలసూత్రం ఇదే!

మొదట్లో బ్యాటరీ కారుకి సేవకుడు కాదు, యజమానే. 1899లో గంటకి వంద కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు బ్యాటరీతో నడిచిందే. దాన్ని నడిపినవాడు బెల్జియం దేశస్థుడు కామిల్ జెనాత్జీ. తరవాత పెట్రోలు కార్లదే పైచేయి అయింది. కానీ వాటికో పెద్ద లోపం ఉండేది. ముందు నిలబడి ఇనప హ్యాండిలు తిప్పితేగానీ ఇంజను లేచేది కాదు. ఒక్కోసారి అది ఎదురు తన్ని మణికట్టు విరిగేది. మన ఊళ్ళలో పాత లారీలకి క్లీనరు హ్యాండిలు కొట్టడం మీలో కొందరు చూసే ఉంటారు.

దానికి విరుగుడు కనిపెట్టినవాడు ఒహాయోలోని డేటన్‌కి చెందిన చార్లెస్ కెటరింగ్. అంతకుముందు ఆయన దుకాణాల్లోని క్యాష్ రిజిస్టర్లకి కరెంటు మోటారు అమర్చాడు. రోజంతా తిరిగే మోటారుకీ, కొద్ది క్షణాలు మాత్రమే గట్టిగా తోసే మోటారుకీ తేడా ఉందనీ, రెండోది చిన్నదైనా చాలనీ ఆ పనిలోనే ఆయనకి అర్థమైంది. ఆ ఆలోచనతో చేసిన స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చింది. యజమానిగా ఓడిపోయిన బ్యాటరీ సేవకుడిగా తిరిగొచ్చిందన్నమాట. కండబలం లేనివాళ్ళు కూడా ఒంటరిగా కారు తీసుకుని బయటికి వెళ్ళడం దీంతో తేలికైంది.

1950ల మధ్యలో ఇంజన్లు పెద్దవై, అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకి మారాయి. 1970ల్లో సీసంలో యాంటిమొనీ బదులు కాల్షియం కలిపి, నీళ్ళు పొయ్యక్కర్లేని బ్యాటరీలు అమ్మకానికి తెచ్చారు. ఇందులో మన తెలుగువాళ్ళ పాత్ర కూడా ఉంది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగి వెళ్ళిన గల్లా రామచంద్ర నాయుడు గారు 1985లో తిరుపతి దగ్గర అమర రాజా సంస్థని స్థాపించారు. వాళ్ళ అమరాన్ కారు బ్యాటరీ 2000లో మార్కెట్లోకి వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుంది? మామూలుగా మూడు నుంచి అయిదేళ్ళు. టెక్సస్, అరిజోనా, గల్ఫ్ దేశాల లాంటి వేడి ప్రాంతాల్లో మూడేళ్ళకే అనుమానించాలి. చలి బ్యాటరీని చంపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చంపేది ఎండ, బయటపెట్టేది చలి. వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, సీసపు చట్రం తొందరగా తుప్పు పడుతుంది. చలికాలంలో బ్యాటరీ బలం తగ్గుతుంది, చిక్కబడ్డ ఆయిలుతో ఇంజను ఎక్కువ బలం అడుగుతుంది. వేసవిలో దెబ్బతిన్నది డిసెంబరులో చేతులెత్తేస్తుంది. రోజూ రెండు మైళ్ళే తిప్పినా, వారాల తరబడి కదపకపోయినా ఛార్జి నిండదు. సగం ఖాళీగా వదిలేస్తే రేకుల మీద సల్ఫేటు గట్టిపడి ఆయుష్షు ఇంకా తగ్గుతుంది.

మా పరిచయస్తుల ఇంట్లో ఒక సంగతి జరిగింది. ఇండియా నుంచి వచ్చిన అత్తగారినీ, రెండేళ్ళ పాపనీ తీసుకుని ఆవిడ కిరాణా కొట్టుకి వెళ్ళింది. ఆగస్టు మధ్యాహ్నం, బయట నలభై డిగ్రీల ఎండ. సామాను సర్దుకుని, పాపని సీట్లో కట్టాక తాళం తిప్పితే టిక్కుటిక్కుమని చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ వెంటనే ఇద్దరినీ దించి కొట్టులోకి తీసుకెళ్ళింది. ఎవరో పుణ్యాత్ముడు జంపర్ కేబుల్స్ తగిలించి బండి లేపాడు. ఆ బ్యాటరీ వయసు ఆరేళ్ళు. వంద, రెండు వందల డాలర్ల వస్తువుని ఆఖరి రోజు దాకా వాడుకోవడం పొదుపు కాదని ఆ ఇంట్లో అందరికీ తెలిసొచ్చింది.

కాబట్టి ముందు బ్యాటరీ మీద తయారైన తేదీ చూసుకోండి. కొన్ని కంపెనీలవాళ్ళు నెలకి అక్షరం, ఏడాదికి అంకె వేస్తారు. రాత్రంతా ఆగి ఉన్న కారులో మీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12.4 అంటే ముప్పాతిక వంతు నిండినట్టు. 12కి దిగితే ఖాళీ అయినట్టే. వోల్టులు బాగున్నా బలం లేకపోవచ్చు, అందుకే మూడేళ్ళు దాటాక ఏటా లోడ్ టెస్టు చేయించండి. అమెరికాలో ఆటో విడిభాగాల దుకాణాల్లో చాలావాటిలో ఇది ఉచితం. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజను మూలుగుతున్నా, పెట్టె పొట్ట ఉబ్బినా, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చినా ఇక ఆగొద్దు. అలాగని కొత్త బ్యాటరీ రెండు నెలలకే పడుకుంటే మళ్ళీ కొనకండి, ముందు ఆల్టర్నేటర్ చూపించండి.

పాతదాన్ని చెత్తలో వెయ్యకండి. సీసం పిల్లల మెదడుకి విషం. కొట్లో తిరిగి ఇస్తే కోర్ ఛార్జి వెనక్కి ఇస్తారు, ఆ సీసం కరిగి మళ్ళీ కొత్త బ్యాటరీ అవుతుంది. ఇండియాలో ఉన్న మీవాళ్ళకి కూడా చెప్పండి, పాత బ్యాటరీ పాత సామాన్లవాడికి వెయ్యకుండా కొత్తది కొన్న షాపులోనే ఇవ్వమని.

ఈ శనివారం ఒక్కసారి హుడ్డు ఎత్తి ఆ తేదీ చూడండి. నెలల తరబడి ఉండి వెళ్ళడానికి అమ్మానాన్నలు వస్తున్నారంటే, వాళ్ళు దిగకముందే చూడండి. సెలవు.