లఖ్తే జిగర్: మాట నిజమైన తారీఖ్

తెలుగు అమ్మ బిడ్డని పేగు తెంచుకు పుట్టినవాడంటుంది. మన ఇళ్లలో అమ్మీ 'లఖ్తే జిగర్' అంటుంది. అంటే కలేజా ముక్క. నరసరావుపేటలో ఉర్దూ మీడియం బడికెళ్లే రోజుల్లో అది ఉత్త షాయరీ అనుకునేవాణ్ణి. మొన్న మా రిష్తేదార్ల ఇంట్లో ఆ మాట నిజంగానే ముందుకొచ్చింది. అబ్బాకి లివర్ పాడైంది. కొడుకు తన లివర్‌లో ముక్క ఇస్తానన్నాడు. "ఇస్తే వీడు జిందగీ అంతా మంచానికేనా?" అని అమ్మీ ఏడ్చింది.

ఆమె సవాల్‌కి జవాబ్ తారీఖ్‌లో ఉంది.

1931లో అమెరికాలో హిగ్గిన్స్, ఆండర్సన్ ఎలుకల కలేజాలో మూడింట రెండు వంతులు కోసి తీసేశారు. కొద్ది వారాల్లోనే అది దాదాపు మునుపటి బరువుకొచ్చింది. కోసిన ముక్క బల్లి తోకలా మొలవలేదు, మిగిలిందే పెద్దదైంది. మనిషిలోనూ అంతే. పేగుల నుంచొచ్చే రక్తమంతా ఇప్పుడు ఆ చిన్న ముక్కలోంచే పోవాలి. ఆ ఒత్తిడితో, రక్తంలోని సంకేతాలతో కణాలు విడిపోయి పెరుగుతాయి. ఒంటికి సరిపడా పెరిగాక ఆగిపోతాయి. సుబ్హానల్లాహ్!

1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జ్‌ల్ మొదటిసారి మనిషికి లివర్ మార్చారు. అది చనిపోయినవారి నుంచి తీసింది. చంటిబిడ్డలకి సరిపోయే చిన్న లివర్లు మాత్రం దొరికేవి కావు.

1988 ఫిబ్రవరిలో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ ఒక ఫైసలా ఇచ్చింది. రక్తం, చర్మంలా ఒంట్లో తనంతట తాను మళ్లీ తయారయ్యేది ఇంకొకరికి ఇవ్వచ్చు, ఇచ్చేవాళ్లు బాలిగ్, ఆకిల్ అయి ఉండాలి, అమ్మకం హరామ్ అంది. అందులో లివర్ పేరు లేదు. ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఇప్పటికీ ఉంది, మీ ముఫ్తీ సాబ్‌ని అడగండి.

అదే ఏడాది డిసెంబర్‌లో బ్రెజిల్‌లో సిల్వానో రాయా బతికున్న మనిషి నుంచి ముక్క తీసి ఒక బిడ్డకి పెట్టారు. బిడ్డ దక్కలేదు. 1989 జూలైలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రసెల్ స్ట్రాంగ్ ఒక జపనీస్ తల్లి లివర్ ముక్కని ఆమె పసిబిడ్డకి పెట్టారు. బిడ్డ బతికాడు. లఖ్తే జిగర్‌కి జిగర్ ముక్కే జాన్ పోసింది. 1996లో హాంకాంగ్‌లో పెద్దవాళ్లకి పెద్దదైన కుడి భాగం పెట్టడం మొదలైంది. 1998 నవంబర్‌లో ఢిల్లీ అపోలోలో, రెండేళ్లు నిండని తమిళ బాబుకి అబ్బానే ముక్క ఇచ్చాడు. ఆ బాబు పెరిగి డాక్టర్ అయ్యాడు.

ఇక హకీకత్. కుడి భాగం ఇస్తే దాదాపు 60 శాతం పోతుంది. రెండు మూడు నెలల్లో చాలావరకు పెరుగుతుంది. చాలామంది మళ్లీ పనుల్లోకి వెళ్తారు. కానీ ఖతరా సున్నా కాదు. వెయ్యిమంది దాతల్లో ఒకరి నుంచి ఐదుగురి వరకు జాన్ పోయే ప్రమాదం ఉంది. కడుపు మీద గాటు ఉండిపోతుంది. ఎవరూ జబర్దస్తీ చేయకూడదు.

కిడ్నీ దళారుల ఖబర్లు మన పల్నాడు పేపర్లలో చదివినవాళ్లం. 1994 కానూన్ ప్రకారం అవయవం అమ్మడం, కొనడం జుర్మ్. ఇస్తే మొహబ్బత్‌తో ఇవ్వాలి.

ఇదంతా ఆ అమ్మీకి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొడుకుని పిలిచి, "నీ మర్జీయేనా బేటా?" అని అడిగింది. అతను తలూపాడు. దువా చేయండి.