గుంటూరు, ఒంగోలు గాలిలో ధూళి: పీఎం 10, పీఎం 2.5 అంటే?

గాలిలో తేలే సన్నటి కణాలివి. 10 మైక్రాన్ల లోపువి పీఎం 10, 2.5 లోపువి పీఎం 2.5, ఇవి ఊపిరితిత్తుల లోతు దాకా వెళ్తాయి. మన దేశంలో 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి పీఎం 10 అయితే 100, పీఎం 2.5 అయితే 60 మైక్రోగ్రాములు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో గుంటూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి.

రోడ్ల దుమ్ము, బండ్ల పొగ అందరికీ ఉన్నదే. మిర్చి టిక్కీలు మోసేవాళ్లకి, తొడిమలు తీసే ఆడవాళ్లకి ఘాటు ధూళి అదనం. జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే బిస్సినోసిస్ రావచ్చు. సెలవు తర్వాత పనికెళ్లిన మొదటి రోజే ఛాతీ పట్టేయడం దాని తొలి గుర్తు. జలుబేలే అని వదిలేయకండి. రుమాలు సన్న ధూళిని ఆపదు, ఎన్95 మాస్కు కావాలి. డాక్టర్‌కి మీరు చేసే పనేంటో కూడా చెప్పండి.