నల్లా ఎవరి పేరున ఉంది?

కొత్తగా పట్నంలో కాపురం పెట్టిన కుటుంబం మొదటి నెలంతా నాలుగింటి చుట్టూ తిరుగుతుంది: నీళ్ళు, దీపం, పొయ్యి, రేషను. ఇవి కుదిరితేనే ఇల్లు ఇల్లవుతుంది. మన సాహిత్యంలో ఈ తిరుగుడు ఎక్కువగా హాస్యానికి వస్తువైంది. నగర చరిత్రల్లో దానికి ఆ మాత్రం చోటు కూడా దక్కలేదు. చెరువు తవ్వించిన ప్రభువు పేరు, ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరు చరిత్రకెక్కాయి. ఆ నీరు ఏ ఇంటి దాకా వచ్చింది, ఎవరి పేరున వచ్చింది, ఎవరి గడప ముందు ఆగిపోయింది అనే ప్రశ్న అరుదుగా వినిపించింది. హైదరాబాదు నగరాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ ప్రశ్న వేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1591లో నగరం వెలియక ముందే, 1562లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగింది. ఆధునిక పద్ధతిలో పెద్ద ఎత్తున నీటి ఏర్పాట్లు మాత్రం 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత వచ్చాయి. వేలాది ప్రాణాలు తీసిన ఆ వరద దరిమిలా నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1920లోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం వెలిసింది. గండిపేట నీళ్ళు తాగినవాడు ఊరు విడిచిపోడని నానుడి. ఆ నీళ్ళు ఎవరి ఇంట్లో పడ్డాయో, ఎవరు వీధి మొగలో బిందె పట్టుకొని నిలబడ్డారో ఆ నానుడి చెప్పదు. భూస్వామ్య రాజ్యంలో నల్లా, కరెంటు దీపం ముందుగా చేరింది దేవిడీలకు, బంగళాలకు, అధికారుల నివాసాలకు. నౌకర్లు, కూలీలు, చేతివృత్తుల వాళ్ళు ఉండే గల్లీలకు వీధి నల్లా, బావి, కందిలి మిగిలాయి. నీరు మనిషికి కాక ఆస్తికి ఇవ్వవలసిన వస్తువుగా స్థిరపడింది. తర్వాతి కథకంతా మూలం ఇదే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి రాజధాని తరలివచ్చింది. దానితోపాటు ఉద్యోగులూ వచ్చారు. కుళాయి అనేవాళ్ళు నల్లా అనడం నేర్చుకున్నారు. 1960వ దశకంలో బాలానగర్, రామచంద్రాపురం ప్రాంతాలలో ప్రభుత్వరంగ పరిశ్రమలు వెలిశాయి. క్వార్టరు దొరికిన ఉద్యోగికి నీళ్ళూ కరెంటూ ఉద్యోగంతోపాటే వచ్చాయి. ఆ క్వార్టర్లకు పునాదులు తవ్వినవాళ్ళ మాటేమిటి? పాలమూరు జిల్లా నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మట్టిపని కూలీలు పైపులైన్లకు కందకాలు తవ్వి, ఆ పైపుల పక్కనే గుడిసెలు వేసుకొని, నీళ్ళకు ఇంకో వీధికి పోయారు. 1965లో మంజీర నీళ్ళు నగరానికి వచ్చాయి. 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చాయి. గోదావరి జలాలు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేస్తాయి. అంత దూరం నుంచి వచ్చిన నీరు చివరి పది గజాలు దాటడానికి మాత్రం ఇంటి దస్తావేజు కావాలి.

ఇక అద్దెకున్న మధ్యతరగతి సంగతి. బదిలీల మీద ఊళ్ళు తిరిగే మాబోటి ఉపాధ్యాయులకు ఇది తెలియనిది కాదు. మీటరు ఇంటి యజమాని పేరున ఉంటుంది. అద్దెకున్న వాటాకు ఆయన పెట్టిన సబ్‌మీటరు ఉంటుంది. యూనిట్ ధర బోర్డు నిర్ణయించిందా, యజమాని నిర్ణయించాడా అని అడిగితే మరుసటి నెల ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుంది. అద్దెకున్నవాడి సౌకర్యాలకు యజమాని అకారణంగా అడ్డుపడరాదని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చెప్పింది. చట్టం అల్మరాలో ఉంటుంది, వాల్వు యజమాని చేతిలో ఉంటుంది.

చిత్రమేమిటంటే, కరెంటు విషయంలో చట్టం ఎన్నడో దారి చూపింది. 1910 నాటి భారత విద్యుత్ చట్టంలోనే యజమాని గాని, ఆ స్థలంలో నివసించేవాడు గాని అడిగితే సరఫరా ఇవ్వాలన్న నియమం ఉంది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షను ఆ మాటనే నిలబెట్టి, దరఖాస్తు అందిన నెల లోపల ఇవ్వాలని సాధారణ గడువు పెట్టింది. కరెంటు మౌలిక సదుపాయమనీ, యజమాని అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణం మీద అద్దెకున్నవాడికి దానిని నిరాకరించరాదనీ 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనెక్షనిస్తే రేపు స్థలం నాదంటాడన్న భయం చూపేవారున్నారు. నివాసం వేరు, స్వామ్యం వేరు. చట్టంలో ‘నివసించేవాడు’ అన్న మాట ఉన్నది ఆ తేడా తెలిసే. ఆ ఒక్క మాట కౌంటరు దాకా చేరడానికి నూరేళ్ళు పైబడినా చాలలేదు.

పొయ్యి చరిత్ర కూడా ఇంతే. 1955లో బర్మాషెల్ కంపెనీ బొంబాయిలో వంటగ్యాసు అమ్మకం మొదలుపెట్టింది. 1965లో కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షను ఇచ్చింది. ఆ తర్వాత చాలాకాలం గ్యాసు కోసం పేరు రాయించుకొని ఏళ్ళు ఎదురుచూడటం మామూలైంది. పార్లమెంటు సభ్యులకు కూపన్ల కోటా ఉండేది. పలుకుబడి ఉన్న ఇంట్లో నీలిమంట, లేని ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు. ఆ కిరసనాయిలుకూ రేషను కార్డు కావలసి ఉండేది. కార్డు సొంత ఊళ్ళో ఉండేది, ఆకలి పట్నంలో ఉండేది. 2013లో చిరునామా రుజువు అడగకుండా 5 కిలోల సిలిండరు అమ్మడం మొదలుపెట్టారు. అయితే రాయితీ లేని ధరకు. అంటే కాగితం లేనివాడు ఎక్కువ చెల్లించాలి. 2021 ఆగస్టులో ఉజ్జ్వల పథకం రెండో దశలో వలస కుటుంబాల స్వీయ ప్రకటన చాలునన్నారు. మనిషి తన నివాసాన్ని తానే ప్రకటించుకోవచ్చునని ఒప్పుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

బస్తీలలో ఈ వ్యవహారం తలకిందులుగా కనిపిస్తుంది. బిల్లు మనకు భారం. బస్తీవాసి దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టెలో దాచుకుంటాడు. గుడిసెకు పట్టా లేదు, కాని మీటరు రసీదు ఉంది. రేషను కార్డుకు, ఓటర్ల జాబితాకు, రేపు ఇళ్ళు కూల్చడానికి వచ్చేవాళ్ళకు చూపించడానికి అదే సాక్ష్యం. ఇలా నీళ్ళకు కాగితం కావాలి, ఆ కాగితానికి నీళ్ళ బిల్లు కావాలి. ఈ వలయంలో ఒకచోట తెగింపు జరిగితే తప్ప లోపలికి దారి లేదు. ఆ తెగింపు సమష్టిగానే జరుగుతుంది. ఖాళీ బిందెలతో కార్యాలయాల ముందు బైఠాయించిన స్త్రీల వల్లనే ఎన్నో బస్తీలకు మొదటి వీధి నల్లా వచ్చింది.

ఇది ఒక్క హైదరాబాదుకు పరిమితమైన కథ కాదు. తెలంగాణ నుంచి వెళ్ళిన కామాఠీలు బొంబాయి నగర నిర్మాణంలో చెమటోడ్చారు. కామాఠిపుర వారి పేరునే నిలిచింది. అదే నగరంలో 1995 జనవరి 1 తర్వాత వేసిన గుడిసెలకు నీళ్ళివ్వరాదన్న విధానం ఏళ్ళ తరబడి సాగింది. నివాసం అక్రమమైనా నీరు జీవించే హక్కులో భాగమని 2014 డిసెంబరులో బొంబాయి హైకోర్టు చెప్పవలసి వచ్చింది. దాహానికి కటాఫ్ తేదీ ఉంటుందా?

కనెక్షను వచ్చాక మరో సమస్య: దానిని నిలుపుకోవడం. ప్రపంచబ్యాంకు సంస్కరణల ఫలితంగా 1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డును విడగొట్టారు. 2000లో ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా వామపక్షాలు ఉద్యమించాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు మరణించారు. దీపం ఖరీదు యూనిట్లలోనే లెక్క తేలదని ఆ రోజు రుజువైంది.

రాయితీలు తర్వాత వచ్చాయి. 2021 జనవరిలో హైదరాబాదులో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ప్రారంభమైంది. 2024 మార్చి నుంచి తెలంగాణలో 200 యూనిట్ల లోపు గృహజ్యోతి అమలయింది. ఇవి మేలు చేశాయి, కాదనలేం. కాని గృహజ్యోతికి రాష్ట్రపు రేషను కార్డు షరతు. 2014 జూన్ 2 దాకా శ్రీకాకుళం కూలీ తన రాష్ట్రంలోని నగరానికే వచ్చేవాడు. ఆనాటి నుంచి పరరాష్ట్రానికి వస్తున్నాడు. తట్ట మారలేదు, పని మారలేదు, కార్డు చెల్లే చోటు మారింది.

చివరిగా మన సాహిత్యం గురించి ఒక మాట. నల్లా దగ్గర ఆడవాళ్ళ తగాదాను మన కథల్లో, సినిమాల్లో నవ్వులాటగా చూపించడం పరిపాటి. ఆ దృశ్యంలో ఉన్నది ఆడవాళ్ళ స్వభావం కాదు. గంటసేపు వచ్చే నీరు, యాభై కుటుంబాలు, ఏడింటికి పనిలోకి చేరవలసిన మనుషులు. ఆ గంట ఎవరు నిర్ణయించారు అని కథకుడు అడిగితే హాస్యం ఆవిరై చరిత్ర బయటపడుతుంది. నగరం శ్రమను కాగితం అడగకుండా తీసుకుంటుంది. నీళ్ళిచ్చేటప్పుడు కాగితం అడుగుతుంది. ఈ వైరుధ్యాన్ని నిలదీయడం ప్రజా ఉద్యమాల పని. దానిని కంటికి కట్టించడం రచయితల పని. ఉంటున్నాడన్న నిజమొక్కటే నల్లాకు, మీటరుకు, పొయ్యికి చాలిన అర్హత కావాలి. అంతదాకా ఎన్ని నదులు మళ్ళించి తెచ్చినా ఈ నగరం సగం మందికే ఊరు, మిగతా సగానికి మజిలీ.