తేయాకు తోటల కింది మేతభూములు

ఊటీ చూడబోయేవారికి మెట్టుపాళయం నుంచి కొండరైలు, కూనూరు చుట్టూ తేయాకు తోటలు, పైకెళితే చెరువు, పూలతోట కనిపిస్తాయి. ఈ కొండను సల్లివాన్ దొర 'కనుగొన్నాడు' అని అక్కడ చెబుతారు. ఆదివాసులమైన మనం ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

జనం ఉన్న కొండను కనుగొనడమేమిటి? తోడాలు అక్కడి గడ్డినేలల్లో గేదెలు మేపుకునేవారు. కోటా తెగవారు ఇనుము పని, కుండల పని చేసేవారు. కురుంబలు, ఇరుళలు అడవిని నమ్ముకుని బతికేవారు. తోడాల పల్లెను 'మందు' అంటారు. మన తెలుగు 'మంద'కు అది చుట్టపు మాట. ఊటకమందు అనే పాత పేరులో ఆ పల్లె ఉంది. ఉదకమండలం అని రాసేసరికి అది మరుగున పడింది.

కోయంబత్తూరు కలెక్టరైన సల్లివాన్ 1819లో కొండెక్కాడు. తోడాల భూమిని ఎకరం రూపాయికి కొన్నాడని చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ భూమికి తోడాలే యజమానులా, మేపుకునే హక్కే ఉన్నవారా అని దొరల మధ్య ఏళ్ళ తరబడి వాదన నడిచింది. చివరికి తోడాలకు మేపుకునే హక్కే మిగిలింది. తర్వాత గడ్డినేలల్లో తేయాకు, నీలగిరి చెట్లు లేచాయి. మేత తగ్గింది, మందలు తగ్గాయి. 2011 జనాభా లెక్కల్లో తోడాలు సుమారు 2 వేల మంది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. వేసవిలో మద్రాసు ప్రభుత్వం ఊటీ నుంచే నడిచేది. అక్కడి గవర్నరు బంగళాను కట్టించిన బకింగ్‌హాం ప్రభువు పాలనలోనే, 1879లో, గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు లేచింది. కల్లు మీద పన్ను, మునసబుదారు దోపిడీ దానికి కారణాలు. 1882 మద్రాసు అటవీ చట్టం నీలగిరుల అడవినీ మన పోడునూ ఒకే కలంతో కట్టడి చేసింది.

ఇప్పుడు అరకుకూ లంబసింగికీ పర్యాటకులు వస్తున్నారు. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. తోడాలకు ఆనాడు అలాంటి అండ లేదు. అయితే చట్టం కాగితం మీద ఉంటే చాలదు. ఉపాధ్యాయులు పిల్లలను పెద్దల దగ్గర కూర్చోబెట్టి గూడెం చుట్టూ ఉన్న ప్రతి కొండ, గెడ్డ, పోడుచెలక పేరు, అక్కడ ఎవరు సాగు చేశారో రాయించాలి. ఎవరైనా వచ్చి మన కొండను కనుగొన్నామంటే చూపించడానికి ఆ నోటుపుస్తకం మన దగ్గర ఉండాలి.