మినీ కూపర్: బుల్లి కారుకు రేసు సత్తువ

వీధిలో తిరిగే కారును రేసు ట్రాకుకు తగినట్లు దిద్దుకోవడం మోటారు ప్రియులకు పాత అలవాటే అయినా, అలా దిద్దిన రూపాన్నే తయారీ సంస్థ సొంతం చేసుకొని అమ్మిన సందర్భాల్లో బ్రిటన్‌కు చెందిన మినీ కూపర్‌ది విశిష్ట స్థానం. 1956లో సూయజ్ సంక్షోభం పెట్రోలుకు కటకట తెచ్చిపెట్టగా, తక్కువ ఇంధనంతో నలుగురిని మోసే కారు కోసం బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ పూనుకోవడంతో, అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ 1959 ఆగస్టులో వెలువడింది. ఇంజన్‌ను అడ్డంగా నిలిపి, గేర్‌బాక్సును దాని అడుగున, ఆయిలు నిలిచే సంపులోనే ఇమిడ్చి, పది అంగుళాల చక్రాలను నాలుగు మూలలకూ జరపడం వల్ల లోపల చోటు పెరగడమే కాక, మలుపుల్లో రోడ్డును పట్టి ఉండే గుణమూ ఆ కారుకు అబ్బింది.

ఈ గుణాన్ని గుర్తించినవాడు రేసు కార్ల తయారీదారు జాన్ కూపర్. ఆయన సంస్థ కార్లతోనే జాక్ బ్రాబమ్ 1959, 1960 ఫార్ములా వన్ ప్రపంచ టైటిళ్లను గెలిచాడు. సామాన్యుల కోసం చేసిన కారుకు రేసు వేషమేమిటన్నట్లు ఇసిగోనిస్ కూపర్ ప్రతిపాదనకు మొదట సుముఖత చూపకపోయినా, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ పెద్దల్లో ఒకరైన జార్జ్ హారిమన్ వెయ్యి కార్లకు అనుమతించడంతో 1961లో మినీ కూపర్ వచ్చింది. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని, అంటే స్ట్రోక్‌ను, సుమారు 68 మిల్లీమీటర్ల నుంచి 81కి పెంచడం వల్ల 848 సీసీ ఇంజన్ 997 సీసీ అయింది. దానికి జంట కార్బ్యురేటర్లు తోడై 34 అశ్వశక్తి 55కు చేరింది.

అయితే ఆనాటి మార్పుల్లో అసలైన తెలివి బ్రేకుల్లో ఉంది. డ్రమ్ బ్రేకులో రాపిడి మూసి ఉన్న డొల్ల లోపల జరుగుతుంది కనుక, పదేపదే నొక్కితే వేడి బయటపడక పట్టు సడలిపోతుంది. గాలికి తెరుచుకొని తిరిగే బిళ్లను రెండు వైపుల నుంచీ ప్యాడ్లతో బిగించే డిస్క్ బ్రేకులో ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. మినీ కూపర్ ముందు చక్రాలకు డిస్కులే వేశారు; అయితే చక్రమే పది అంగుళాలు కావడంతో అవి ఏడు అంగుళాలకే పరిమితం కావలసి వచ్చింది. 1963 నాటి 1071 సీసీ కూపర్ ఎస్‌లో అవి ఏడున్నర అంగుళాలకు పెరిగాయి. మాంటీ కార్లో ర్యాలీని 1964, 1965, 1967లలో గెలిచినవి ఈ ఎస్ రకం కార్లే.

ఇంజన్ శ్వాస సంగతి వేరు. నాలుగు సిలిండర్లకు కలిపి గాలీ పెట్రోలూ వెళ్లే ద్వారాలు రెండే, పొగ పోయేవి మూడు. ఒకే ద్వారం మీద ఆధారపడిన పక్క సిలిండర్లు వేగం పెరిగేకొద్దీ ఒకదాని వాటా మరొకటి కాజేస్తాయి. విల్ట్‌షైర్‌లోని డౌంటన్‌లో డేనియల్ రిచ్‌మండ్ ఈ ద్వారాలను చెక్కి, నునుపు చేసి రాబట్టిన ఫలితం వల్లనే తయారీ సంస్థ ఆయన సలహా తీసుకున్నది. నేడు ఆ పరిమితిని దాటగోరేవారు బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్ ఇంజన్ నుంచి తీసిన పదహారు వాల్వుల హెడ్‌ను పాత బ్లాకుపై బిగిస్తారు. కానీ సత్తువ పెరిగినప్పుడల్లా భారం ఇంజన్ ఆయిలునే పంచుకునే గేర్‌బాక్సు మీద పడుతుంది గనుక, ఏటవాలు పళ్లకు బదులు నిటారు పళ్ల గేర్లు వేస్తారు. చెవులు గింగురుమనే రొద వాటితో తప్పదు.

కొందరు ఇంకా ముందుకు వెళ్లి హోండా ఇంజన్‌నే దించుతారు. అందుకు ముందు భాగపు సబ్‌ఫ్రేమ్ మొత్తం మార్చవలసి రావడంతో మినీ అనిపించుకునేది పైరేకు మాత్రమే. చారిత్రక రేసుల నిబంధనలు మాత్రం కారు పుట్టిన కాలంలో లేని మార్పును ఒప్పుకోవు కాబట్టి, అక్కడ 1275 సీసీ కూపర్ ఎస్‌లు నేటికీ ఆ అయిదు ద్వారాల హెడ్‌తోనే, పది అంగుళాల చక్రాలపైనే పోటీ పడుతున్నాయి.