ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు: విచారణ ఎక్కడ జరుగుతుంది

అమెరికా ప్రభుత్వం నుంచి తమకు రావలసిన సొమ్ము కోసం పౌరులు, కంపెనీలు వేసే దావాలను విచారించే ప్రధాన న్యాయస్థానం ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు. దీని భవనం వాషింగ్టన్‌లో, శ్వేతసౌధానికి ఎదురుగా ఉన్న లఫాయెట్ స్క్వేర్ పక్కనే ఉంది. దావా దాఖలు చేయాల్సింది అక్కడే అయినా, విచారణ దేశంలో ఎక్కడైనా జరపవచ్చు. ఇక్కడ జ్యూరీ ఉండదు. ఒక్క న్యాయమూర్తే సాక్ష్యం విని తీర్పు చెబుతారు కాబట్టి ఆయన ఎక్కడ కూర్చుంటే అదే కోర్టు.

1855కు ముందు ఇలాంటి బాకీల కోసం కాంగ్రెస్‌కే అర్జీ పెట్టుకోవాలి. ఆ ఏడాది ముగ్గురు న్యాయమూర్తులతో కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ ఏర్పడింది. మొదట్లో అది కాంగ్రెస్‌కు సిఫార్సులు చేసేది, అంతే. తీర్పు చెప్పే అధికారాన్ని 1863 నాటి చట్టం ఇచ్చింది. న్యాయమూర్తులు రాజధానిలో, సాక్షులు దేశం నలుమూలలా ఉండటంతో వాంగ్మూలాలు చాలావరకు కాగితాల మీదే వచ్చేవి. సాక్షి ముఖం చూడకుండా నిజానిజాలు తేల్చడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. 1925లో కాంగ్రెస్ కమిషనర్లను నియమించుకోనిచ్చింది. వీళ్లు సాక్ష్యం సేకరించి నివేదిక ఇస్తే, దాని మీద న్యాయమూర్తులు తీర్పు చెప్పేవారు. 1982లో ఈ రెండంచెల పద్ధతి పోయి, పదిహేనేళ్ల పదవీకాలం ఉండే 16 మంది న్యాయమూర్తులతో కొత్త విచారణ కోర్టు వచ్చింది. ఇప్పటి పేరు 1992లో పెట్టారు.

పౌరుడికి వీలైనంత తక్కువ ఖర్చు, తక్కువ ఇబ్బంది కలిగేలా విచారణ సమయాన్ని, స్థలాన్ని నిర్ణయించాలని చట్టమే చెబుతోంది. వీలుంటే సాక్షులు నివసించే కౌంటీలోనే జరపాలని మరో సెక్షన్ అంటుంది. ఇందుకోసం ఇతర ఫెడరల్ కోర్టుల గదులు ఇవ్వాలి. ఇది పౌరుడి మీద దయ చూపడం కాదు. ప్రతివాది సాక్షాత్తూ ప్రభుత్వమైనప్పుడు, దారిఖర్చులకు జడిసి ఎవరూ దావా మానుకోకూడదు.

మిస్సోరీ నది వరదల్లో పొలాలు మునిగిన రైతుల కేసును 2017లో కాన్సస్ సిటీలోనూ, వాషింగ్టన్‌లోనూ విచారించారు. హ్యూస్టన్ కేసు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు ఆడిక్స్, బార్కర్ ఆనకట్టల వెనక చేరిన నీళ్లు ప్రభుత్వ భూమి దాటి కాలనీల్లోకి ఎక్కాయి. ఎగువ ప్రాంతపు ఇళ్ల యజమానుల దావాను న్యాయమూర్తి చార్లెస్ లెట్టో 2019 మేలో హ్యూస్టన్‌లోనే విచారించారు. మునిగిన ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఆ ఇంటివాళ్లు సొంత ఊళ్లోనే చెప్పగలిగారు. డిసెంబరులో ఆయన ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చారు.

విదేశాల్లో విచారణకు మాత్రం ఈ కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉత్తర్వు కావాలి. పొదుపు, సామర్థ్యం, న్యాయం దృష్ట్యా అది మేలని చూపాలి. ఆ దేశపు చట్టం అడ్డుచెప్పకూడదు. అలాంటి ఉత్తర్వు మీద, కేసు తేలకముందే, ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు వెళ్లే వీలుంది.