గ్యాసు పైపు – కొబ్బరి చెట్టు

పంట ఖర్చు లెక్క వేసేటప్పుడు విత్తనం, ఎరువు, కూలి అన్నీ రాసుకుంటాము గదా. ఇంధనానికీ అలాంటి లెక్కే ఉన్నది. మండే చోట ఒక ఖర్చు, తీసే చోట ఒక ఖర్చు, తరలించే దారిలో మరొక ఖర్చు.

మండే చోటి ఖర్చు మన జిల్లాకు తెలుసు. తమ బీలలో బొగ్గు కరెంటు కేంద్రం వద్దని సోంపేట రైతులు, తమ తంపరలో వద్దని టెక్కలి దగ్గరి కాకరాపల్లి జనం ఎదురు నిలిచారు. 2010 జులై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి.

మరి గ్యాసు మాటేమిటి? భూమి అడుగున, సముద్రం అడుగున దొరికే సహజవాయువులో ముఖ్యమైనది మీథేను. గోబరు గ్యాసులో మండేదీ అదే. బూడిద మిగలదు. అంతే కరెంటు తీయడానికి బొగ్గు విడిచే బొగ్గుపులుసు గాలిలో ఇది సుమారు సగమే విడుస్తుంది. మనం చల్లే యూరియా కూడా చాలావరకు దీనితో తయారైనదే. అయితే మండకుండా కారిపోయిందా, నూరేండ్ల లెక్కన బరువుకు బరువు బొగ్గుపులుసు గాలి కన్నా పాతిక రెట్లకు పైగా భూగోళాన్ని వేడెక్కిస్తుంది.

మిగిలిన రెండు ఖర్చులూ కోనసీమ చెల్లించింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి అంటుకొని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపు పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. చుట్టూ కొబ్బరి చెట్లు మాడిపోయినవి.

ఇదంతా మనకెందుకంటారా? శ్రీకాకుళం నుండి ఒడిశాలోని అంగుల్ దాకా గ్యాసు పైపులైను పనిని గెయిల్ చేపట్టింది. ఇలాంటి పైపులకు 1962 నాటి చట్టం ఒకటి ఉన్నది. దాని ప్రకారం భూమి రైతు పేరనే ఉంటుంది. పైపు వేసుకొని వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. కాని ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు.

కిటుకు ఇక్కడే ఉన్నది. వరి మడిలో పైపు పూడ్చి మన్ను కప్పితే మరుసటి ఏడు మళ్ళీ ఊడ్చుకోవచ్చు. ఉద్దానంలో భూమి అంటే కొబ్బరి, జీడి, పనస. చెట్టు పోతే ఏమవుతుందో 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మనకు చూపింది. తుపాను తరువాత మళ్ళీ మొక్క నాటుకున్నాము. పైపు మీద అదీ కుదరదు.

కాబట్టి గెజిటు ప్రకటన వెలువడితే 21 రోజుల లోపల అభ్యంతరం రాసి ఇవ్వండి. చెట్లను జాతివారీగా, వయసువారీగా లెక్కించి కాగితం మీద పెట్టించండి. చెట్ల నష్టానికి, పైరు నష్టానికి తోడు భూమి ధరలో నూటికి పది వంతులు పరిహారం చట్టంలోనే ఉన్నది. పైపు పడిన తరువాత గుర్తు రాళ్ళు కదపకండి, ఆ దాపున జె.సి.బి. దింపకండి. సహజవాయువుకు స్వతహాగా వాసన లేదు. కారినా ముక్కుకు తెలియకపోవచ్చు. తనిఖీ ఎవరు చేస్తారు, ఎన్నాళ్ళకొకసారి చేస్తారు అని గ్రామసభలో నిలదీసి అడగండి. ఆ ప్రశ్న సంతకానికి ముందు అడగవలసినది.